పదిహేను మార్కుల ప్రశ్న

ముప్పై ఒక్క ఏళ్లుగా అదే ప్రశ్న ఇస్తున్నాను,
సెక్షన్ బి, నాలుగోది:
అమెరికా రాజకీయాలు కాలక్రమంలో కుడివైపు జరిగాయా? చర్చించండి.
ఈసారి తొంభై రెండు జవాబులు, రబ్బరు బ్యాండు వేసి ఒడిలో.
వాల్యుయేషన్ గదిలో ఫ్యాను చచ్చిపోయింది.
బీచ్ రోడ్డు గోడ మీదికి వచ్చి కూర్చున్నాను,
ఎర్ర పెన్ను, ఒక పొట్లం ముంత మసాలా.

మొదటి కుర్రాడు "మితవాదం" అన్నాడు, ఆరుసార్లు.
వాడి తప్పేం లేదు, మన పేపర్ల మాటే అది.
కుడివాడు మితం, ఎడమవాడు అతి,
కుడికి మరీ దూరం పోతే తీవ్ర మితవాది!
తీవ్రంగా మితంగా ఉండటం ఎలాగో
ఈ వయసులో నాకెవరైనా నేర్పాలి.
తూచకముందే
తక్కెడ పళ్లెం కింద చింతపండు అంటించుకున్న భాష మనది.

రెండో అమ్మాయి లెక్కలు తెచ్చింది.
సైన్యం నుంచి వచ్చిన అధ్యక్షుడి రోజుల్లో,
అదీ కుడి పార్టీయే,
కుబేరుడి చివరి డాలరులో తొంభై ఒక్క సెంట్లు పన్ను.
ముగ్గురు పనివాళ్లలో ఒకరికి యూనియన్ కార్డు.
ఇప్పుడు పదిమందిలో ఒకరికి.
టిక్కు పెట్టబోయి పేజీ తిప్పాను.
"అదే రోజుల్లో నల్లపిల్లలు బడి మెట్లెక్కడానికి
తుపాకుల మధ్య నడిచారు.
ఏ మెట్టు నుంచి కొలవమంటారు మేడమ్?"
జవాబు పత్రంలో ప్రశ్న వేయకూడదు.
వేసింది.

గోడకి అవతల మైలపల్లి నూకన్న,
పోర్టు సర్వే లాంచీలో సీసపు గుండు జారవిడిచి
లోతులు అరిచిన గొంతు, రిటైరై తొమ్మిదేళ్లు.
లంగరు జారితే ఎలా తెలుస్తుందని అడిగాను.

"పడవలో ఉన్నోడికి తెల్దు మేడమ్.
అన్నం గిన్నె అక్కడే, బీడీకట్ట అక్కడే,
ఎదురుగున్నోడి మొకమూ అక్కడే.
అందరూ కలిసే జారతారు గదా.
ఒడ్డున రెండు గురుతులు పట్టాల.
యారాడ కొండ దీపమొకటి, రాస్ కొండ సిలువొకటి.
ఆ రెండూ ఎడమైపోతన్నాయంటే
పోతన్నది నువ్వేనన్నమాట."

కొండే కదిలితేనో?
"అప్పుడింక సర్వే ఎందుకండీ, ఇంటికెల్లిపోడమే."

సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడిచేయి దక్షిణం,
రెంటికీ ఒకటే మాట పెట్టుకున్నాం మనం.
ఊరివైపు తిరిగానో లేదో
అదే యారాడ కొండ ఎడమకొచ్చి కూర్చుంది.
సరే, ఇది తప్పించుకునే జవాబు.
ఏటా ఎవడో ఒకడు రాస్తాడు, నాలుగు మార్కులిస్తాను.

ఇసుక సంగతి వేరు.
నైరుతి గాలికి భీమిలి వైపు, ఈశాన్యం గాలికి ఇటు.
రాకపోకలు కాదు, ఏడు తిరిగాక మిగిలిందెంత అంటాడు నూకన్న.
పోర్టు గోడ కట్టాక ఇటు రావలసింది అక్కడే ఆగింది,
డ్రెడ్జరు తవ్వి తెచ్చి ఇక్కడ ఉమ్ముతుంది.
బీచి పేరు మారలేదు.
కాలికింద ఇసుక ఏదీ అప్పటిది కాదు.
ఆ దేశపు రెండు పార్టీల పేర్లూ అంతే,
నూటయాభై ఏళ్ల బోర్డులు.

నన్ను కుదిపింది మాత్రం నా ప్రశ్నే.
జరిగాయా, అన్నాను.
వాటంతట అవే జరిగినట్టు.
గోడ ఎవరూ కట్టనట్టు,
నిన్న నోటితో అనడానికి సిగ్గుపడిన మాట
ఇవాళ మైకులో ఎవరూ పలికించనట్టు.
వచ్చే ఏడు ఒక్క మాట మారుస్తాను:
జరిపారా?

ఆ అమ్మాయికి పన్నెండు వేశాను.
మూడెందుకు కోశావని అడిగితే చెప్పలేను.
నూకన్న చెప్పులు దులుపుకుని లేచాడు.
ఇంకా తొంభై ఉన్నాయి.
యారాడ దీపం వెలిగింది,
అక్కడే ఉందో లేదో అని
ఇంకోసారి చూశాను.